ఒకే సింఫనీ, ముగ్గురు కండక్టర్లు: తేడా వినడం ఎలా

సంగీతం బాగా తెలిసిన ఇళ్లలో కూడా వెస్టర్న్ క్లాసికల్ దగ్గరికి వచ్చేసరికి ఒక ప్రశ్న వస్తుంది. "అందరి ముందూ కాగితాలు ఉన్నాయి, ఎవరి స్వరాలు వాళ్లు వాయించుకుంటున్నారు. మధ్యలో పుల్ల పట్టుకుని నిలబడ్డాయన చేసేదేమిటి?" న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు చదివితే సగమే అర్థమవుతుంది. ఆ పుల్ల పట్టుకున్నాయనే కండక్టర్. ఒకే సింఫనీని, అంటే ఆర్కెస్ట్రా అనే పెద్ద వాద్యబృందం కోసం రాసిన కొన్ని భాగాల రచనను, ముగ్గురు వేర్వేరు కండక్టర్ల రికార్డింగుల్లో పక్కపక్కన పెట్టుకుని వింటే పూర్తిగా అర్థమవుతుంది. ఆ పని విజయవాడలోనో గుంటూరులోనో ఇంట్లో కూర్చుని, ఫోనుతో, పెద్ద ఖర్చు లేకుండా ఎలా చేయాలో చెప్తాను.

కర్ణాటక సంగీతంలో ఒకే కీర్తనను ఇద్దరు విద్వాంసులు పాడితే తేడా వెంటనే తెలుస్తుంది. ఆలాపన వేరు, సంగతులు వేరు, స్వరకల్పన వేరు. సింఫనీలో ఆ వెసులుబాటు లేదు. స్వరకర్త రాసిన స్వరాలే అందరూ వాయిస్తారు. అయినా ఒకరి చేతిలో ఆ సంగీతం తరుముకొస్తుంది, ఇంకొకరి చేతిలో బరువుగా కుంగిపోతుంది. స్వరం మారకుండా అర్థం మారడం ఎలా సాధ్యమో వినడమే ఇక్కడ అసలు రుచి. మిగతా సలహాలన్నీ దాని కోసమే.

వినడానికి చోటు, వేళ

దీన్ని చిన్న విషయం అనుకోకండి. ఆర్కెస్ట్రా సంగీతంలో అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య దూరం చాలా ఎక్కువ. సినిమా పాటలో ధ్వని మొదటి నుంచి చివరి దాకా దాదాపు ఒకే మట్టంలో ఉంటుంది కాబట్టి ఆటోలో విన్నా వినిపిస్తుంది. సింఫనీ అలా కాదు. ఒక్క టింపనీ (భేరి లాంటి పెద్ద డోలు) మాత్రమే గుసగుసలాడినట్టు మోగే చోట్లు ఉంటాయి. మన సీలింగ్ ఫ్యాన్ ఐదులో తిరుగుతుంటే ఆ గుసగుస మొత్తం అందులో కలిసిపోతుంది. వినబడలేదని మీరు వాల్యూమ్ పెంచుతారు. మరు నిమిషంలో ట్రంపెట్లు అందుకోగానే ఉలిక్కిపడి తగ్గిస్తారు. ఇలా తగ్గిస్తూ పెంచుతూ వింటే కండక్టర్ చేసిన పనిలో సగం మీ చేత్తో మీరే చెరిపేసినట్టు.

బెజవాడ మే నెలలో ఫ్యాన్ ఆపమని ఎవరికీ చెప్పలేం. అందుకే చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ కొనుక్కోండి. వైరు ఉన్నవి, రెండు మూడు వేల రూపాయల లోపువి, ఈ పనికి సరిపోతాయి. బీసెంట్ రోడ్డులో కొన్నా, గుంటూరు బ్రాడీపేటలో కొన్నా, షాపువాళ్లు వినిపించే డప్పుల పాటతో తేల్చుకోకండి. మీ ఫోనులో ఒక సింఫనీ ముందే దించుకుని వెళ్లి, అందులో మెల్లగా ఉండే చోటు పెట్టి చూడండి. ఆ సందడిలో కూడా వయొలిన్లు లీలగానైనా వినిపిస్తే తీసుకోవచ్చు.

వేళ విషయానికి వస్తే, ఏలూరు రోడ్డు, బందరు రోడ్డు దరిదాపుల్లో ఉండేవాళ్లకు రాత్రి పది దాటాక హారన్లు తగ్గుతాయి. డిసెంబరు, జనవరి నెలలు అన్నిటికన్నా మేలు, ఫ్యాన్ అక్కర్లేదు. అయితే ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడి మైకులు మొదలవుతాయి, కాబట్టి ఆ నెలలో పొద్దున్నే కాకుండా రాత్రిపూటే పెట్టుకోండి.

ఫోనులో కూడా నాలుగు మార్పులు చేయాలి. స్పాటిఫైలో నార్మలైజేషన్ (ట్రాకుల ధ్వనిని ఒకే మట్టానికి తెచ్చేది) తీసేయండి, క్రాస్‌ఫేడ్ సున్నాలో పెట్టండి, షఫుల్ ఆపండి. యూట్యూబ్‌లో స్టేబుల్ వాల్యూమ్ అనే సెట్టింగు ఆపేయండి. అది మెల్లని చోట్లను పెంచి, పెద్ద చోట్లను తగ్గించి అంతా ఒకే మట్టానికి తెస్తుంది. ప్రకటనలు వచ్చే ఉచిత ఖాతా అయితే సింఫనీ మధ్యలో డిటర్జెంట్ సబ్బు ప్రకటన దూరే ప్రమాదం ఉంది. ఒక్క నెలకు డబ్బు కట్టి వినడం నయం.

ఏ సింఫనీ, ఎవరి రికార్డింగులు

జర్మన్ స్వరకర్త బీథోవెన్ ఐదో సింఫనీతో మొదలుపెట్టండి. ఇది 1808 డిసెంబరు 22న వియన్నాలో మొదటిసారి వినిపించింది. మొదటి నాలుగు స్వరాలు మీరు ఏదో ఒక ప్రకటనలోనో, సినిమాలోనో వినే ఉంటారు. అందరికీ తెలిసిందే కదా అని దాటెయ్యొద్దు. తెలిసిన సంగీతంలోనే తేడా తొందరగా పట్టుబడుతుంది. మొత్తం దాదాపు అరగంట, నాలుగు భాగాలు. మొదటి భాగం ఏడెనిమిది నిమిషాలే కాబట్టి ఒకే కూర్చోవడంలో ముగ్గురినీ వినేయొచ్చు.

మొదటిది కార్లోస్ క్లైబర్, వియన్నా ఫిల్హార్మోనిక్‌తో 1974లో డాయిష్ గ్రామఫోన్ కంపెనీకి చేసిన రికార్డింగు. క్లైబర్ జీవితం మొత్తంలో చేసిన రికార్డింగులు చాలా తక్కువ. ఒప్పుకున్న కచేరీలూ తక్కువే. కానీ చేసిన ప్రతి పనిలో ప్రతి వాక్యం ఆలోచించి చేసినట్టు ఉంటుంది. ఐదో సింఫనీ ఒక్క రికార్డింగే ఉండాలంటే నేను దీన్నే ఉంచుకుంటాను. ఆయన తండ్రి ఎరిక్ క్లైబర్ కూడా గొప్ప కండక్టరే. 1953లో ఆమ్‌స్టర్‌డామ్ కన్సర్ట్‌గెబావ్ ఆర్కెస్ట్రాతో ఇదే సింఫనీ రికార్డు చేశాడు. తర్వాత ఎప్పుడైనా తండ్రినీ కొడుకునూ పక్కపక్కన వినండి, అది వేరే ఆనందం.

రెండోది విల్‌హెల్మ్ ఫుర్ట్‌వెంగ్లర్, బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో 1947 మే నెలలో వాయించినది. దీని వెనక చరిత్ర తెలిసి వినాలి. హిట్లర్ కాలంలో ఫుర్ట్‌వెంగ్లర్ జర్మనీ వదిలి వెళ్లలేదు. ఆ విషయంలో ఆయన మీద విమర్శ ఇప్పటికీ ఉంది. యుద్ధం అయ్యాక విచారణ జరిగి, నిర్దోషి అని తేలాక, మళ్లీ తన ఆర్కెస్ట్రా ముందుకు వచ్చిన రోజులవి. వాళ్ల పాత హాలు 1944లో బాంబుదాడిలో కూలిపోయింది. ఊరు శిథిలాల్లో ఉంది. రికార్డింగు మోనో (రెండు చెవుల్లోనూ ఒకే ధ్వని), కాస్త మసకగా ఉంటుంది. ఓ ఐదు నిమిషాలు ఓపిక పడితే చెవి అలవాటు పడుతుంది.

మూడోది జాన్ ఇలియట్ గార్డినర్, తన ఆర్కెస్ట్రాతో చేసి 1994లో విడుదల చేసిన బీథోవెన్ సింఫనీల సెట్టులోది. వీళ్లు బీథోవెన్ కాలంనాటి వాద్యాలు వాడతారు. వయొలిన్లకు పేగు తీగలు, మీటలు లేని పాత తరహా ఇత్తడి హార్న్‌లు, టింపనీకి గట్టి పుల్లలు. శ్రుతి కూడా ఇప్పటి ఆర్కెస్ట్రాల కన్నా కొంచెం కిందికి ఉంటుంది. శ్రుతి మీద పట్టున్న చెవులకు అది మొదటి స్వరంలోనే తెలుస్తుంది.

కండక్టర్లలో టోస్కనీని ఏడి, కారాయాన్ ఏడి అని తెలిసినవాళ్లు అడుగుతారు. టోస్కనీని గొప్పదనంలో నాకు సందేహం లేదు. కానీ ఎన్‌బీసీ వాళ్ల 8హెచ్ స్టూడియోలో చేసిన ఆయన రికార్డింగుల ధ్వని పొడిపొడిగా ఉంటుంది, కొత్తవాళ్లు అక్కడే ఆగిపోతారు. కారాయాన్ బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో 1960ల మొదట్లో చేసిన సెట్టు నిజంగా అద్భుతం. ఈ ముగ్గురూ అయ్యాక నాలుగోది అదే కావాలి.

వెతికేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో స్వరకర్త పేరు, సింఫనీ నంబరు, కండక్టర్ ఇంటిపేరు కలిపి కొట్టండి. "బెస్ట్ ఆఫ్ బీథోవెన్" లాంటివి తెరవొద్దు, అందులో ఒక భాగం ముక్క మాత్రమే ఉంటుంది. ఆల్బమ్ కింద కనిపించే సంవత్సరం చాలాసార్లు మళ్లీ విడుదల చేసిన సంవత్సరం. ఫుర్ట్‌వెంగ్లర్ 1954లో చనిపోయాడు కాబట్టి ఆయన పేరు పక్కన 2010 అని ఉంటే అది రికార్డింగు జరిగిన తేదీ కాదు. ఈయన ఇదే సింఫనీని చాలాసార్లు వాయించాడు, అన్నీ దొరుకుతాయి. కాబట్టి ఆల్బమ్ పేరులోనో, అట్ట మీదో 1947 అని ఉందో లేదో చూసుకోండి.

మొదటిసారి ఊరికే వినండి

క్లైబర్ రికార్డింగును మొదటి నుంచి చివరి దాకా, ఏమీ రాసుకోకుండా, ఫోను పక్కన పడేసి వినండి. అర్థమవుతోందా లేదా అని టెన్షన్ పడొద్దు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 నుంచి మన ఇళ్లలో వినిపిస్తోంది. భక్తిరంజని వింటూ పెరిగిన చెవికి రాగం పేరు తెలియకపోయినా పాట ఎక్కడ ముగింపుకు వస్తోందో తెలుస్తుంది. ఆ చెవి ఇక్కడ కూడా పనిచేస్తుంది. మరుసటి రోజు మళ్లీ వినండి. మూడోసారికి తర్వాత ఏం వస్తుందో మీకు ముందే తెలుస్తుంటుంది. ఆ దశకు వచ్చాకే పోలిక మొదలుపెట్టాలి. పాట నోటికి రాకముందే పోలిస్తే తేడా కండక్టర్‌దో, మన తెలియనితనమో తేలదు.

ఇక పోలిక: ఆ నాలుగు స్వరాలు

ఇక్కడ ఆగి, నిదానంగా చూడాలి. ఈ సింఫనీ స్వరంతో మొదలవదు, మౌనంతో మొదలవుతుంది. కాగితం మీద మొదటి గుర్తు చిన్న విరామం. ఆ విరామం అవగానే మూడు పొట్టి స్వరాలు, ఒక పొడుగు స్వరం. వాయించేది తీగవాద్యాలు, క్లారినెట్లు మాత్రమే. ట్రంపెట్లు, టింపనీ ఎవరూ లేరు. అయినా తలుపు విరగ్గొట్టినంత బలం ఉంటుంది.

ఆ పొడుగు స్వరం మీద "ఎంతసేపు ఆగాలో మీ ఇష్టం" అని చెప్పే గుర్తు ఉంటుంది. తర్వాత మళ్లీ మూడు పొట్టి, ఒక పొడుగు. ఈసారి పొడుగు స్వరాన్ని బీథోవెన్ ఇంకో మాత్రావరుస (స్వరలిపిలో రెండు నిలువు గీతల మధ్య భాగం) సాగదీసి, దానిమీద కూడా అదే గుర్తు పెట్టాడు. అంటే రెండో ఆగడం మొదటిదానికన్నా ఎక్కువసేపు ఉండాలని కాగితమే చెబుతోంది. ఎంత ఎక్కువ అన్నది కండక్టర్ నిర్ణయం.

ఇప్పుడు ముగ్గురివీ మొదటి పది సెకన్లు మాత్రమే ఒకదాని వెంట ఒకటి పెట్టండి. క్లైబర్ దగ్గర మూడు స్వరాలు నిప్పురవ్వల్లా ఎగిరి, ఆగి, వెంటనే ముందుకు దూకుతాయి. ఫుర్ట్‌వెంగ్లర్ దగ్గర ఆ మూడు స్వరాలే బరువుగా దిగుతాయి. పొడుగు స్వరం ఎప్పటికీ అయిపోదేమో అనిపిస్తుంది. గార్డినర్ దగ్గర ధ్వని సన్నగా, గరుకుగా, వేగంగా ఉంటుంది. వయొలిన్లు స్వరాన్ని కంపనం లేకుండా సూటిగా పట్టుకుంటాయి. ఇది పది సార్లు విన్నా విసుగు రాదు. నేను ఎవరికైనా ఈ సంగీతం మొదటిసారి పరిచయం చేయాలంటే ఈ పది సెకన్లే వినిపిస్తాను. సంగీతం ఏమాత్రం తెలియనివాళ్లు కూడా "మూడూ ఒకటే కానీ ఒకటి కాదు" అంటారు.

ఆ తర్వాత కాలప్రమాణం. బీథోవెన్ ఈ సింఫనీలకు 1817లో మెట్రోనోమ్ (తాళం వేసి చూపే యంత్రం) అంకెలు ప్రకటించాడు. మొదటి భాగానికి ఇచ్చిన అంకె 108. అంటే నిమిషానికి 108 దెబ్బలు, ఒక్కో దెబ్బకు ఒక్కో మాత్రావరుస. ఫోనులో ఉచిత మెట్రోనోమ్ యాప్ ఒకటి దించుకుని 108లో పెట్టి, ఒక నిమిషం దాంతో పాటు మోకాలి మీద తాళం వేయండి. దెబ్బ చేతికి ఎక్కాక యాప్ ఆపి రికార్డింగు పెట్టండి. గార్డినర్, క్లైబర్ మీ తాళానికి దగ్గరగా నడుస్తారు. ఫుర్ట్‌వెంగ్లర్ వెనకబడతాడు. అంతకన్నా ముఖ్యం, ఆయన కాలప్రమాణం ఒకచోట నిలబడదు. భయం పెరిగేచోట బిగుస్తుంది, పాట మెత్తబడేచోట సాగుతుంది. కచేరీలో తాళం ఇలా కదిలితే మృదంగం వాయించే ఆయన ముఖం మాడుస్తాడు. ఇక్కడ అది కండక్టర్ శైలికి ప్రాణం. ఆయనకు నచ్చినట్టు చేశాడని కాదు, సంగీతం ఊపిరి తీసుకున్నట్టు చేశాడని పది నిమిషాల్లో మీకే అనిపిస్తుంది.

వేగం విషయంలో స్వరకర్త మాటే చివరి మాటా అంటే, అది పెద్ద వాదన. ఫ్రెంచ్ స్వరకర్త రావెల్ రాసిన బొలేరో అనే ఆర్కెస్ట్రా రచనను 1930లో టోస్కనీని పారిస్‌లో బాగా వేగంగా వాయించాడు. హాల్లోనే ఉన్న రావెల్‌కు అది నచ్చలేదు, ఆ మాట చెప్పాడు కూడా. రావెల్ స్వయంగా నడిపించి అదే ఏడాది చేసిన రికార్డింగు సుమారు 16 నిమిషాలు ఉంటుంది. నా మటుకు నాకు బొలేరో విషయంలో రావెల్ వైపే మొగ్గు. కానీ బీథోవెన్ అంకెలను మీరిన ఫుర్ట్‌వెంగ్లర్‌ను వదులుకోలేను. ఇందులో ఒకే సూత్రం అన్నిటికీ పనికిరాదు.

వినాల్సిన ఇంకో మూడు చోట్లు

సుమారు ముప్పావు నిమిషం దగ్గర హార్న్‌లు ఒక పిలుపు వాయిస్తాయి. కొత్త పాట మొదలవుతోందని చెప్పే పిలుపు. ఇదే పిలుపు ఐదో నిమిషం అటూ ఇటూ మళ్లీ వస్తుంది. ఆ రెండోసారి బీథోవెన్ దాన్ని బసూన్లకు (మందర స్థాయిలో పలికే పొడుగాటి ఊదే వాద్యాలు) రాశాడు. అప్పటి హార్న్‌లకు మీటలు లేవు, ఆ శ్రుతిలో ఆ స్వరాలు సరిగ్గా పలికించడం కుదరదు. తర్వాతి కాలంలో మీటల హార్న్‌లు వచ్చాయి కాబట్టి చాలామంది కండక్టర్లు "బీథోవెన్‌కు అవకాశం ఉంటే హార్న్‌లకే రాసేవాడు" అనుకుని హార్న్‌లతోనే వాయించారు. పాత వాద్యాలు వాడే గార్డినర్ దగ్గర బసూన్లే పలుకుతాయి, వాటి గొంతు కాస్త బొంగురుగా, వినయంగా ఉంటుంది. మిగతా రికార్డింగుల్లో ఏది వినిపిస్తోందో మీరే కనిపెట్టండి. ఈ ఒక్క చోటు వినడం వచ్చిందంటే మీ చెవి వాద్యాలను విడదీయడం మొదలుపెట్టిందన్నమాట.

నాలుగు నిమిషాలు దాటాక, ఆర్కెస్ట్రా మొత్తం ఒక్కసారిగా ఆగిపోతుంది, ఒక్క ఓబో మాత్రం మిగిలిపోతుంది. అంత ఉరుకుల మధ్య ఒక్క మనిషి గొంతు. కొద్ది సెకన్లే. మన సన్నాయికి దూరపు చుట్టం లాంటి వాద్యమే కాబట్టి ఆ గొంతు మన చెవికి వెంటనే పరిచయం అవుతుంది. ఇక్కడ కండక్టర్ చేసే పని, దాదాపు ఏమీ చేయకపోవడం. ఓబో వాయించేవారికి ఎంత స్వేచ్ఛ ఇచ్చారు, తర్వాత మళ్లీ అందరినీ ఎలా అందుకున్నారు అన్నది వినండి.

మూడో భాగం చివర నుంచి నాలుగో భాగంలోకి వెళ్లే దారి ఉందే, దాని కోసమే చెవిని మూసే హెడ్‌ఫోన్స్ కొనమన్నాను. ఇక్కడ రెండు భాగాల మధ్య విరామం లేదు. తీగవాద్యాలు ఒక స్వరాన్ని అలా పట్టుకుని ఉండిపోతాయి. కింద టింపనీ ఒక్కటే, వినీ వినపడనంత మెల్లగా, దెబ్బ వెంట దెబ్బ వేస్తూ ఉంటుంది. పైన వయొలిన్లు దారి వెతుక్కుంటున్నట్టు మెల్లగా పైకి కదులుతాయి. చాలాసేపు ధ్వని పెరగదు. చివరి కొద్ది మాత్రావరుసల్లో మాత్రం ఒక్కసారిగా ఉబికి, నాలుగో భాగం బద్దలవుతుంది. మూడు ట్రాంబోన్లు (జారే గొట్టమున్న ఇత్తడి బూరలు), పికోలో (చిన్న ఫ్లూటు), కాంట్రాబసూన్ (ఇంకా పెద్ద బసూన్) అప్పటిదాకా ఒక్క స్వరం కూడా వాయించకుండా కూర్చుని, ఇక్కడే మొదటిసారి అందుకుంటాయి. ఓర్పు తక్కువున్న కండక్టర్ ముందే ధ్వని పెంచేస్తాడు, అప్పుడు పేలవలసింది పేలదు. ఫుర్ట్‌వెంగ్లర్ ఈ చీకటిని పట్టి ఉంచిన తీరు, యుద్ధం ముగిసిన బెర్లిన్‌ను తలచుకుంటూ వింటే, గుండె బిగుసుకుపోతుంది. ఒక జాగ్రత్త. కొన్ని యాప్‌లలో రెండు ట్రాకుల మధ్య అర సెకను ఖాళీ వస్తుంది. సరిగ్గా ఈ చోట ఆ ఖాళీ పడితే అంతా పోతుంది. ముందే పరీక్షించుకుని, ఖాళీ వస్తుంటే మొత్తం సింఫనీ ఒకే ఫైలుగా ఉన్న యూట్యూబ్ వీడియో పెట్టుకోండి.

రాసుకునే అలవాటుంటే ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. ఈ నాలుగు చోట్లకు నాలుగు అడ్డ గీతలు, ముగ్గురు కండక్టర్లకు మూడు నిలువు గళ్లు. మార్కులు వేయకండి. "ఆగాడు", "ఉరికాడు", "బసూను వినపడింది" లాంటి ఒక్కో మాట చాలు.

చేతులు చూడండి

చెవి కుదిరాక వీడియోలు. ముందు చూస్తే కండక్టర్ గంతులే గుర్తుంటాయి, సంగీతం గుర్తుండదు. అందుకే ఇది తర్వాత పెట్టాను.

సాధారణంగా కుడి చెయ్యి కాలప్రమాణం చూపిస్తుంది, ఎడమ చెయ్యి ధ్వని పెంచు, తగ్గించు, నువ్వు అందుకో అని చెబుతుంది. గమనించవలసింది ఏమిటంటే సైగ శబ్దానికి ముందు వస్తుంది. పెళ్లిలో మాంగల్యధారణ వేళ పెద్దాయన వేలు పైకి లేపిన మరుక్షణం గట్టిమేళం అందుకుంటుంది కదా, అలాగే. కండక్టర్ చెయ్యి కిందికి దిగడం, ఆర్కెస్ట్రా పలకడం ఒకేసారి జరగవు. వియన్నా, బెర్లిన్ ఆర్కెస్ట్రాలు చేతికి కాస్త వెనకే పలుకుతాయని పేరు. మొదటిసారి చూసేవాళ్లు వీడియోలో ఆడియో తప్పిందేమో అనుకుంటారు.

కార్లోస్ క్లైబర్ 1983లో కన్సర్ట్‌గెబావ్ ఆర్కెస్ట్రాతో బీథోవెన్ నాలుగు, ఏడు సింఫనీలు చేసిన వీడియో ఉంది. అందులో ఏడో సింఫనీ చివరి భాగం ఒక నిమిషం పాటు శబ్దం ఆపేసి చూడండి. ఇప్పుడు ధ్వని పెరుగుతోందా తగ్గుతోందా, ఏ పక్కవాళ్లు అందుకున్నారు అన్నది చేతుల్ని బట్టి ఊహించండి. తర్వాత శబ్దం పెట్టి అదే నిమిషం చూడండి. చాలాచోట్ల ఆయన తాళం వేయడం మానేసి ఉంటాడు. తాళం వాళ్లకు తెలుసు, తను ఆ వాక్యం ఎటు వంగాలో మాత్రమే చూపిస్తుంటాడు.

ఇంకొకటి తప్పకుండా చూడండి. లియొనార్డ్ బెర్న్‌స్టైన్ వియన్నా ఫిల్హార్మోనిక్‌తో స్వరకర్త హైడన్ 88వ సింఫనీ చివరి భాగాన్ని చప్పట్ల తర్వాత మళ్లీ వాయిస్తూ, చేతులు దించేసి, కనుబొమలతో, కళ్లతో, పెదవులతో మాత్రమే నడిపించిన వీడియో. చేతులు లేకపోయినా ఆర్కెస్ట్రా నడుస్తోంది కదా, మరి కండక్టర్ ఎందుకని అడిగేవాళ్లకు కూడా ఇదే చూపించాలి. ఆ ముఖంలో ప్రతి మలుపూ ఒక క్షణం ముందే కనిపిస్తుంది. పైగా ఈ కచేరీ ముందు జరిగిన రిహార్సల్స్ మనకు కనిపించవు. కండక్టర్ పనిలో పెద్ద భాగం అక్కడే అయిపోతుంది. ఎవరి విల్లు ఎటు కదలాలి, ఏ స్వరం ఎంత పొట్టిగా ఉండాలి, ఓబో వినపడాలంటే వయొలిన్లు ఎంత తగ్గాలి అన్నవన్నీ ఆ గదిలోనే తేలతాయి.

కచేరీల వీడియోలు ఉచితంగా కావాలంటే యూట్యూబ్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ రేడియో సింఫనీ ఛానెల్ మంచిది. పూర్తి సింఫనీలు శుభ్రమైన ధ్వనితో ఉంటాయి. బెర్లిన్ ఫిల్హార్మోనిక్ వాళ్ల డిజిటల్ కన్సర్ట్ హాల్‌కు డబ్బు కట్టాలి.

స్వరలిపి చదవడం రాకపోయినా ఒకసారి స్కోరు (అన్ని వాద్యాల స్వరాలూ కలిపి రాసిన పుస్తకం) తెరిచి చూడమంటాను. ఐఎమ్ఎస్ఎల్‌పి అనే వెబ్‌సైటులో బీథోవెన్ స్కోర్లన్నీ ఉచితంగా దొరుకుతాయి. స్వరాలు చదవక్కర్లేదు. పేజీ మీద నలుపు ఎక్కువుంటే అందరూ వాయిస్తున్నట్టు, తెలుపు ఎక్కువుంటే కొద్దిమందే అన్నట్టు. ఓబో ఒంటరిగా మిగిలే ఆ పేజీ చూస్తే ఒక్క గీత మీద మాత్రం స్వరాలుంటాయి, మిగతాదంతా ఖాళీ.

ఆ తర్వాత ఏం వినాలి

అదే బీథోవెన్ ఆరో సింఫనీ, ఐదోది మొదటిసారి వినిపించిన రాత్రే ఇదీ వినిపించింది. పల్లెటూరు, వాగు, వాన. రెండో భాగం చివర ఫ్లూటు నైటింగేల్‌గా, ఓబో కంజు పిట్టగా, క్లారినెట్ కోయిలలా పలుకుతాయి. బ్రూనో వాల్టర్ 1958లో కొలంబియా సింఫనీతో చేసిన రికార్డింగులో ఉన్న దయ, తొందర లేనితనం నాకు ఇంకెక్కడా దొరకలేదు. తర్వాత ద్వోర్‌జాక్ తొమ్మిదో సింఫనీ. రెండో భాగంలో ఇంగ్లిష్ హార్న్ (పేరు అలా ఉన్నా ఓబో జాతి వాద్యం) పాడే పాట మన జానపదానికి చాలా దగ్గరగా వినిపిస్తుంది. కండక్టర్ కెర్టెస్ 1961లో వియన్నా ఫిల్హార్మోనిక్‌తో చేసినదీ, మారిన్ ఆల్సప్ బాల్టిమోర్ ఆర్కెస్ట్రాతో చేసినదీ పక్కపక్కన పెట్టండి. ఆల్సప్ 2007లో ఆ ఆర్కెస్ట్రాకు మ్యూజిక్ డైరెక్టర్ (అంటే ప్రధాన కండక్టర్) అయినప్పుడు, అమెరికాలో పెద్ద ఆర్కెస్ట్రా పగ్గాలు అందుకున్న మొదటి మహిళ ఆమే.

మన దేశంవాడని జుబిన్ మెహతాతో మొదలుపెట్టాలని చాలామందికి ఉంటుంది. 1936లో బొంబాయిలో పుట్టాడు, తండ్రి మెహ్లీ మెహతా బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రా స్థాపించినవాడు. జుబిన్ బలం భారీ ఆర్కెస్ట్రా రచనల్లో ఉంది. లాస్ ఏంజెలిస్ ఫిల్హార్మోనిక్‌తో ఆయన చేసిన హోల్‌స్ట్ గ్రహాల సూట్ (గ్రహాల పేర్లతో రాసిన రచనల వరస) వినండి. రవిశంకర్ రెండో సితార్ కన్సెర్టోకు (ఆర్కెస్ట్రాతో కలిసి సితార్ వాయించే రచన) కూడా ఆయనే కండక్టర్. ఇళయరాజా సింఫనీ 2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించాక మన దగ్గర సింఫనీ అనే మాట మీద ఆసక్తి పెరిగింది. ఆ ఆసక్తితో వచ్చినవాళ్లకు కూడా పైన చెప్పిన పద్ధతే పనికొస్తుంది.

ఒక్కరే వినడం కన్నా ఇద్దరు ముగ్గురు కలిసి వింటే తొందరగా వస్తుంది. విజయవాడలో ఘంటసాల పేరున ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. అక్కడ వయొలిన్ నేర్చుకుంటున్న పిల్లలెవరైనా మీకు తెలిస్తే పిలవండి. విల్లు గురించి వాళ్లు చెప్పేది మీకు తెలియదు, సింఫనీ గురించి మీరు చెప్పేది వాళ్లకు తెలియదు. ఎవరిది అని చెప్పకుండా ముగ్గురివీ మొదటి నిమిషం వినిపించి, ఎవరు ఎవరో కనిపెట్టమనండి.

చివరికి ఎప్పుడో ఒకసారి ఎదురుగా కూర్చుని వినాలి. సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా 2006లో ముంబైలో మొదలైంది. నారిమన్ పాయింట్ దగ్గరి కళాకేంద్రం ఎన్‌సీపీఏలో వాళ్ల కచేరీలు సాధారణంగా ఫిబ్రవరిలో, సెప్టెంబరులో ఉంటాయి. విజయవాడ నుంచి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌లో దిగొచ్చు, అక్కడి నుంచి హాలు దగ్గరే. కార్యక్రమం ప్రకటించగానే ఆ రచనను రెండు రికార్డింగుల్లో వినేసి వెళ్లండి. టికెట్ ఎడమ పక్క సీట్లలో తీసుకుంటే కండక్టర్ ఎడమ చెయ్యీ, ముఖం ఒక వైపూ కనిపిస్తాయి. భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టరు, అంతా అయ్యాకే కొడతారు. ఎప్పుడు అయిందో తెలియకపోతే కండక్టర్ చేతులు పూర్తిగా దించేదాకా ఆగండి.